బెల్టు మార్చారా మేస్త్రిగారూ

మా కారు మేస్త్రిగారు పోయి నలభై రోజులు దాటింది. ఆ కబురు నాకు కోర్టు వరండాలో అందింది. ఆయన నంబరు నుంచి ఫోను వస్తే, ఆయిలు మార్చే వేళయిందని గుర్తు చేయడానికేమో అనుకుని కట్ చేశాను. మళ్లీ మోగింది. ఈసారి మాట్లాడింది ఆయన భార్య. పొద్దున్నే నమాజుకి లేచి, ఒంట్లో నలతగా ఉందని మళ్లీ పడుకున్నారట. ఇక లేవలేదట. "మీకు చెప్పాలి కదా లాయరుగారూ" అందావిడ. నేను ఏం బదులు చెప్పానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. మధ్యాహ్నం ఖననానికి వెళ్లి, పిడికెడు మట్టి వేసి వచ్చాను. తిరిగి వస్తుంటే నా బుర్రలో ఒక్కటే ప్రశ్న, తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. ఈ మనిషి నా బండికి బెల్టు మార్చారా, లేదా?

అదేం ప్రశ్నయ్యా, మనిషి పోతే బండి గొడవా అంటారు మీరు. మా ఆవిడా అదే అంది. కాస్త ఓపిక పట్టండి, నాకు తెలిసినంత చెప్తాను. తెలిసింది తక్కువే.

యాభై దాటాక నాకు పుట్టిన బుద్ధి ఆ కారు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి అమ్మేసిన సెడాన్. టర్బో ఇంజను. చూడ్డానికి పెళ్లివారి బండిలా నెమ్మదిగా ఉంటుంది గానీ తొక్కితే వీపు సీటుకి అతుక్కుంటుంది. నా కేసులు దర్శి, కనిగిరి దాకా ఉంటాయి కాబట్టి అవసరమేనని ఇంట్లో వాదించి నెగ్గాను. చిలకలూరిపేటలో నన్నెరిగిన వాళ్లంతా తెల్ల ఏనుగుని తెచ్చుకున్నావన్నారు. మేస్త్రిగారు మాత్రం గంటసేపు దాని కింద పడుకుని, బయటికొచ్చి, మోచేతులు తుడుచుకుంటూ, "ఇది గుర్రమండి, ఎద్దు కాదు. కష్టం వచ్చిందని ముందుగా చెప్పదు. మనమే కనిపెట్టుకోవాలి" అన్నారు.

ఆయన షెడ్డు హైవే పక్కన, జిన్నింగు మిల్లుల నడుమ ఉండేది. పత్తి సీజనులో ఆ రోడ్డు మీద దూది ఎగురుతూనే ఉంటుంది. అది వెళ్లి రేడియేటరు ముందు మెత్తగా పరుచుకుంటుంది, గాలి ఆడదు, ఇంజను వేడెక్కుతుంది. నీళ్లు జోరుగా కొట్టి కడిగితే రేకులు వంగిపోతాయని ఆయన సున్నం బ్రష్షుతో, పైనుంచి కిందికి, ఓపిగ్గా దువ్వేవారు. గాలి ఫిల్టరుని కంపెనీ పుస్తకంలో రాసిన గడువుకి సగంలోనే మార్చేసేవారు. అదేంటండీ పుస్తకం అలా చెప్పలేదే అంటే, "పుస్తకం రాసినోడు మన పేటలో దూది పీల్చలేదు కదండీ" అనేవారు.

ఆయన నేర్పిన ఇంకో అలవాటు. దూరం నుంచి వేగంగా వచ్చాక ఇంజను వెంటనే ఆపకూడదు, టర్బో చల్లారేదాకా రెండు నిమిషాలు అలాగే నడవనివ్వాలి. కనిగిరి కోర్టు ముందు, వాయిదాకి ఆలస్యమై చెమటలు పడుతున్నా, ఆయన మాట గుర్తొచ్చి స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. నల్లకోటులో అలా కదలకుండా కూర్చున్న నన్ను చూసి నా గుమస్తా రెండుసార్లు భయపడ్డాడు కూడా.

"ఆగిపోయాక చేసేది రిపేరు, ఆగకముందు చేసేది సర్వీసు. రెండోది చేసినోడికి పేరు రాదు లెండి" అని నవ్వేవారు. నా చిక్కంతా ఇక్కడే ఉంది. ఆరేళ్లలో నా బండి ఒక్కసారీ దారిలో ఆగలేదు. ఆయన చేసిన పనుల వల్ల ఆగలేదా, ఆ పనులు చేయకపోయినా ఆగేది కాదా? ఎవరైనా ఎలా చెప్పగలరు? జరగనిదానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను?

పైగా ఆయనకో పెంకితనం ఉండేది. నేను వద్దన్నది చెప్పకుండా చేసేసి, ఎప్పుడో తీరిగ్గా బయటపెట్టేవారు. ఒకసారి వాటర్ పంపు మార్చాలన్నారు. బాగానే ఉంది కదా, అక్కర్లేదన్నాను. రెండు నెలల తర్వాత వాళ్లమ్మాయి పెళ్లిలో నా విస్తట్లో బిరియానీ వడ్డిస్తూ, చెవి దగ్గరికి వంగి, "మీ పంపు అప్పుడే మార్చేశానండీ" అన్నారు. నోటి నిండా ముద్ద, ఏమనగలను? డబ్బు కూడా అలా చెప్పాకే తీసుకునేవారు.

ఇక బెల్టు. ఇంజను పై సగాన్నీ కింది సగాన్నీ కలిపి ఒకే లయలో తిప్పే పళ్ల రబ్బరు పట్టీ అది. మూత కింద ఉంటుంది, కంటికి కనపడదు. పోయేముందు చప్పుడు కూడా చేయదు. పరుగులో తెగిందా, లోపలి భాగాలు ఒకదానికొకటి కొట్టుకుని ఇంజను మొత్తం నాశనం. బండి కొన్న కొత్తలో ఒకసారి మార్చారు. కిందటేడు పత్తి సీజను ముందు, మళ్లీ మార్చాలన్నారు. పుస్తకం ప్రకారం దానికి ఇంకా చాలా ఆయుష్షు ఉంది. నేను వాదన మొదలుపెట్టాను. షెడ్డులో నలుగురు ఉన్నారు, వినేవాళ్లుంటే నాకు నోరు ఆగదు. చివరికి, "చెడిపోనిదాన్ని మార్చడం మీకో జబ్బు మేస్త్రిగారూ" అనేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టి, "సరేనండి, మీ మాటే కానివ్వండి" అన్నారు. అంతకుముందు ఎన్నడూ ఆ మాట ఆయన నోట వినలేదు.

ఆ తర్వాత బండి మూడు రోజులు షెడ్డులోనే ఉంది. ప్లగ్గులు, బ్రేకు ఆయిలు మార్చామని చెప్పి పంపించారు. బెల్టు ఊసు లేదు. తర్వాత ఏడాది పొడుగునా సర్వీసులు జరిగాయి, టీలు తాగాం, మిరప రేటు గురించి మాట్లాడుకున్నాం. ఎప్పటిలాగే మార్చేసి ఉంటారు, ఏదో ఒక రోజు నవ్వుతూ చెప్తారని నేను ఎదురుచూశాను. అడిగితే నా వాదన తప్పని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. నేను అడుగుతానేమోనని ఆయన ఎదురుచూశారేమో. లేక ఆ రోజు మనసు విరిగి, నిజంగానే నా మాట విని వదిలేశారా? వదిలేసి ఉంటే, తెగుతుందని తెలిసి కూడా ఏడాది పాటు నన్ను ఆ బెల్టు మీద కనిగిరి పంపించారా? ఆయన అలాంటి మనిషి కాదు. కాదని ప్రమాణం చేసి చెప్పగలనా అంటే, నలుగురిలో ఆ మాట అనకముందైతే చెప్పగలిగేవాణ్ణి.

వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యని అడిగాను. "మీ బండి మూడు రోజులుందని గుర్తుందండి. రెండు రోజులు అన్నానికి కూడా ఆలస్యంగా వచ్చారు. ఏం చేశారో నాకేం తెలుసు" అందావిడ. నా గురించి ఏమైనా అనేవారా అని అడగబోయి ఊరుకున్నాను.

నెల రోజులు బండి తీయలేదు. వాయిదాలకి బస్సులో వెళ్లాను. చివరికి మా ఆవిడ విసుక్కుని, మూత విప్పితే తెలిసిపోయేదానికి ఇంత మథనమెందుకంది. నా భయం బండి గురించి కాదని ఆవిడకి చెప్పలేకపోయాను. మొన్న ఒంగోలు నుంచి ఆయనతో కలిసి పని నేర్చుకున్న మేస్త్రిని పిలిపించాను. మా వాకిట్లోనే మూత విప్పాడు. బెల్టు పళ్లు నిండుగా ఉన్నాయి. వీపు మీద కంపెనీ వేసిన తేదీ అక్షరాలు అరిగిపోయాయి. ఎన్నాళ్లదని అడిగితే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏడాదిదైనా కావచ్చండి, ఆరేళ్లదైనా కావచ్చు. మా వాడు చూసుకున్న బండిలో వయసు తెలీదు" అన్నాడు.

విప్పాం కాబట్టి కొత్తది వేయించేశాను. పాతది పారేస్తానంటే వద్దన్నాను. ఇలా వెనక్కి మడిచి చూడండి, ముసలిదైతే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి అని నేర్పి వెళ్లిపోయాడు.

పగుళ్లు లేకపోతే ఆయనే మార్చి ఉండాలి. లేదా అక్కర్లేదని నేను అన్నదే నిజమై ఉండాలి. ముప్పయ్యేళ్లుగా వాదనలో గెలిచి తిండి తింటున్నవాణ్ణి. ఈ ఒక్క వాదన ఓడిపోవాలని ఉంది నాకు. నా మాట ఆయన లెక్కచేయలేదని ఎవరైనా రుజువు చేస్తే కాళ్లు మొక్కుతాను.

ఇప్పుడు వరండాలో ఎండ పడేచోట కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, బెత్తెడు బెత్తెడు మడిచి చూస్తున్నాను. ఇంతవరకూ ఏమీ కనిపించలేదు. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తు పెట్టుకోలేదు. దీనికి చివర లేదు. మళ్లీ తిప్పుతున్నాను.