కొలంబో మేనకోడలు

రిటైర్మెంటుకు రెండేళ్ళుండగా, ఓ జూన్ నెలలో, జంషెడ్‌పూర్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో నన్ను పౌరసత్వ విభాగానికి హెడ్ క్లర్కుగా వేశారు. విభాగం అంటే ఓ బల్ల, రెండు బీరువాలు, నేను. మన దేశపు మనిషిని పెళ్ళాడి ఏడేళ్ళు ఇక్కడ ఉన్న విదేశీయులు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ కాగితాలు సరిచూసి, పోలీసు విచారణ నివేదిక తెప్పించి, పైకి పంపడం నా పని.

మొదట నా బల్ల మీదికి వచ్చింది మాలిని దరఖాస్తు. ఆమెది కొలంబో. ఊళ్ళోనే సీతారాండేరాలో ఉండే మన శ్రీకాకుళం వాళ్ళబ్బాయి సింహాచలం, గల్ఫులో క్రేను నడిపే రోజుల్లో, అక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఈమెను చేసుకున్నాడు. ఇప్పుడు అతనికి ఊరి పక్క గమ్హరియాలో ఓ ఫ్యాక్టరీలో పని. కాగితాలన్నీ వరసగా, ఒక్క సంతకం తక్కువ లేకుండా ఉన్నాయి. అలాంటి ఫైలు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

మూడు వారాలకు పోలీసు నివేదిక వచ్చింది. సదరు చిరునామాలో విదేశీయులెవరూ లేరట. మాలిని అనే స్త్రీ, అత్తగారు పైడితల్లికి సొంత అన్న కూతురట. పుట్టింది టెక్కలి దగ్గరట. కింద ముగ్గురు పొరుగువాళ్ళ సాక్ష్యాలు. వారిలో ఒక రిటైర్డ్ రైల్వే గ్యాంగ్‌మన్, ఈ పిల్ల బారసాలలో తాను భోంచేశానని సంతకం కూడా పెట్టాడు.

సింహాచలాన్ని పిలిపించాను. తల పట్టుకుని చెప్పాడు. తను డ్యూటీలో, మాలిని జుగ్సలాయి బజార్లో ఉన్న వేళ పోలీసు వచ్చాడు. కోడల్ని దేశం దాటించడానికే వచ్చాడని పైడితల్లి హడలిపోయింది. మనలో మేనరికాలు మామూలే కాబట్టి, నోటికొచ్చిన మొదటి చుట్టరికం చెప్పేసింది. వీధి వీధంతా వంత పాడింది.

నవ్వొచ్చింది గానీ సంగతి నవ్వేది కాదు. మాలిని వీసా ఆ చిరునామా మీదే ఉంది. అక్కడ విదేశీయురాలు లేదంటే, ఆమె కనబడకుండా పోయినట్టే లెక్క. దరఖాస్తు పోతుంది, వీసా పొడిగింపు ఆగుతుంది, ఐదేళ్ళ కూతుర్ని వదిలి ఆమె కొలంబో విమానం ఎక్కాల్సి వస్తుంది.

పునర్విచారణకు నోట్ పెట్టాను. పై అధికారి సంతకం చేసి, తెలుగు వచ్చినవాణ్ణి కనక దారోగాతో నన్నూ వెళ్ళమన్నారు. దారోగా అంటే ఇక్కడ ఎస్సై. మొదటి నివేదిక రాసింది ఆయనే. దారి పొడుగునా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

ఇది పంపించేసే విచారణ కాదు, ఉంచుకునే విచారణ అని వీధిలో అందరికీ గంటసేపు చెప్పాను. గ్యాంగ్‌మన్ తన బారసాల భోజనం వెనక్కి తీసుకున్నాడు. పైడితల్లి మాత్రం కదల్లేదు.

“నా కోడల్ని పరాయిదని నా నోటితోటి ఎలగనమంతావు బాబూ?” అంది.

నాకు ఒళ్ళు మండింది. అప్పుడు మాలిని వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“ఈ ఒక్కరోజుకి పరాయిదాన్నని సెప్పీ అత్తా. రేపట్నించి ఎవులూ అడగరు.”

అచ్చం మా శ్రీకాకుళం యాస. ఆమె గడగడా తెలుగు మాట్లాడేసరికి దారోగా అనుమానంగా నావైపు చూశాడు.

పైడితల్లి కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, రాసుకోమంది. “చేపల పులుసులో కూడా కొబ్బరిపాలే పోసేత్తాది. ఏడేళ్ళయినా మారనేదు.” అక్కణ్ణించి ఇక ఆగలేదు. ఏడేళ్ళుగా దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. పొరుగువాళ్ళు తలో రెండు చేర్చారు. మాలిని తలొంచుకుని నవ్వుతోంది. నేను హిందీలో చెబుతుంటే దారోగా మూడు పేజీలు నింపాడు. కోడలు శ్రీలంక మనిషేనన్న ఆఖరి వాక్యం కింద పైడితల్లి వేలిముద్ర వేసింది.

ఏడాది దాటాక అనుమతి వచ్చింది. మాలిని పాత పౌరసత్వం వదులుకుని, మా కార్యాలయంలో విధేయతా ప్రమాణం చేసింది. ధ్రువపత్రం ఆమె చేతికివ్వగానే పైడితల్లి నా బల్ల దగ్గరకొచ్చి, కోడల్ని పరాయిదన్న ఆ కాగితం ఇప్పుడు చింపెయ్యమంది. ఫైల్లో కాగితం చింపకూడదన్నాను. అలిగి వెళ్ళిపోయింది.

నేను నేర్చుకున్నది ఒక్కటే. జనం తమను అడిగిన ప్రశ్నకు కాదు, తాము భయపడిన ప్రశ్నకు జవాబు చెబుతారు. ఆ తర్వాత నేను పంపిన ప్రతి విచారణ పత్రం పైనా, విచారణ ఎందుకో ముందు చదివి వినిపించాలని హిందీలో ఒక వాక్యం రాయించాను. పైడితల్లి మాత్రం బజార్లో కనబడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. ఆ కాగితం ఇంకా ఫైల్లోనే ఉందని ఆమెకు తెలుసు.