అస్కర్ క్యాంపు కట్టిన ఫీజు

2022 జూలై. మనామాలో ఒక లా ఆఫీసులో నేను పారాలీగల్‌ని. అంటే వకీలుని కాను. వకీలు కోర్టు మెట్లెక్కేలోపు ఆయన చేతికి అందాల్సినవన్నీ సిద్ధం చేసే మనిషిని. కక్షిదారు చెప్పింది రాసుకోవడం, ఆధారాలు ఏరడం, గడువులు దాటిపోకుండా చూడటం నా పని. కాకినాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే ఉద్యోగం కాబట్టి, బహ్రెయిన్‌లో తెలుగువాళ్లకు కాగితాల కష్టం వస్తే తిరిగి తిరిగి చివరికి నా టేబుల్ దగ్గరికే చేరతారు.

ఎండలకు మధ్యాహ్నం బయటి పనులు ఆపేసే నెలలవి. ఆ విరామంలో అస్కర్‌లోని కార్మికుల క్యాంపు నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన గంగారాం, పరంజా కట్టే పని. రెండోవాడు నరేశ్, అదే కాంట్రాక్టు కంపెనీలో టైమ్‌కీపర్, అంటే కూలీల హాజరు వేసేవాడు. ఇద్దరిదీ జగిత్యాల వైపు. వాళ్ల గదిలో ఉండే రాజన్న గుండెపోటుతో పోయి ఏడాది దాటిందట. అతను పనిచేసిన ఏళ్లకు కంపెనీ ఇవ్వాల్సిన సర్వీసు డబ్బు ఎలా అడగాలో కనుక్కుందామని వచ్చారు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదండీ?" అన్నాను.

"తెల్వదమ్మా," అన్నాడు గంగారాం. "ఎవలన్న పోతే చందా ఏసుకునుడు, పీనుగను ఇంటికి పంపుడు, గంతే ఎర్క మాకు. రాజన్నకు గట్లనే పంపినం. కంపెనీని అడగాల్నని ఎవలు చెప్పిండ్రు?"

అడగడానికి చట్టం ఇచ్చిన గడువు దాటిపోయింది. మా వకీలుగారిని అడిగి మరీ చూశాను, లాభం లేకపోయింది. ఆ మాట చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. గంగారాం తలూపి లేచాడు. నరేశ్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మేడం, మీ పని నేర్సుకోవాలంటే ఏం సదవాలె?"

నోటికొచ్చిన రెండు మూడు చదువుల పేర్లు చెప్పి పంపించేశాను. వారం తిరక్కుండా ఫోన్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఒక విదేశీ కాలేజీ ఆన్‌లైన్‌లో చెప్పే పారాలీగల్ అసోసియేట్ డిగ్రీ అట. రెండేళ్ల చదువు, మన మామూలు డిగ్రీ కన్నా చిన్నది. ఫీజుకు అప్పు ఇప్పించే ఏజెంటు కూడా దొరికాడు. వచ్చే వారంలోగా సంతకం పెట్టాలి.

"అక్కా, నీ జీతం ఎంత?" అని మొహమాటం లేకుండా అడిగాడు. మేడం నుంచి అక్క దాకా భలే తొందరగా వచ్చేశాడు. నవ్వొచ్చింది. చెప్పాను.

"అయితే నాకేం రందిలేదు. విజా అప్పు తీర్పలేదా? ఇది గుడ గట్లనే తీరుతది."

సరిగ్గా ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. వీసా కోసం అప్పు చేసినవాడికి విమానం దిగగానే డ్యూటీ ఉంటుంది, ఓవర్‌టైం ఉంటుంది. చదువు కోసం చేసిన అప్పుకు కిస్తీలు మొదలవుతాయి కానీ ఉద్యోగం దాని వెంట నడిచి రాదు. పైగా ఇక్కడ కోర్టు భాష అరబ్బీ. ఇంగ్లిష్ డిగ్రీతో వచ్చిన కొత్తవాడికి నా జీతం ఎవరిస్తారు? టైమ్‌కీపర్ జీతం కన్నా కాస్త ఎక్కువ ఇస్తారు. ఆ కాస్తా వడ్డీయే మింగేస్తుంది. అంతా లెక్క వేసి చూపించాను.

"వద్దు నరేశ్. దీని మీద సంతకం పెట్టకు."

అతను అంకెల కాగితాన్ని పక్కకు జరిపాడు. "రాజన్న పెండ్లాం నాకు ఫోన్ చేస్తది అక్కా. నువ్వు సదువుకున్నోనివి గదా తమ్మీ, ఎందుకడగలే అంటది. ఏం చెప్పాలె?"

అయినా లెక్క లెక్కే అనుకున్నాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఒక మనిషిని అప్పులోంచి తప్పించానన్న తృప్తి ఉంది గానీ, రాజన్న భార్య ప్రశ్న మాత్రం మనసులోంచి పోలేదు.

తర్వాత నాలుగు రోజులకేమో, మళ్లీ మధ్యాహ్నం విరామంలోనే, మా ఆఫీసు గుమ్మం నిండిపోయింది. పది మందికి పైనే ఉన్నారు, పని బట్టలతోనే వచ్చారు. రిసెప్షన్‌లో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి గొడవేమోనని బెదిరిపోయింది. ముందు గంగారాం, అందరికన్నా వెనక తల దించుకుని నరేశ్.

"అమ్మా, పోరనికి అప్పు వద్దన్నవట. మంచిగ చెప్పినవ్," అన్నాడు గంగారాం. "అప్పు వద్దు. మేం కడతం."

"మీరంటే ఎవరండీ?"

"మా గదులోళ్లం. నెలకింత ఏసుకుంటం. రాజన్నకు ఏసుకున్నట్టే."

"అది పోయినవాళ్ల కోసం కదండీ?"

"ఔనమ్మా. దుబాయికి అచ్చిన కాడ్నుంచి చందాలు ఇస్తనే ఉన్న. అన్ని సచ్చినోళ్లకే ఇచ్చిన. ఒక్కసారన్న బతికున్నోనికి ఇయ్యాలె."

బహ్రెయిన్‌లో నిలబడి దుబాయి అంటున్నందుకు వేరే రోజైతే ఆటపట్టించేదాన్నే. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్లకు దుబాయే; ఆ రోజు ఆ మాట దిద్దలేదు.

"నాకొద్దన్నా," అన్నాడు నరేశ్ వెనక నుంచి. "మీ పిల్లల ఫీజులు ఎవలు కడతరు?"

"నీకేమన్న ఊకె ఇస్తున్నమారా?" అన్నాడు పక్కనున్న మేస్త్రీ. "మా కాగితాలన్ని నువ్వే సూడాలె. పెద్ద నౌకరి దొరికిందని ఫోన్ ఎత్తకపోతివో, నీ సంగతి చెప్తం!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎండలో ఇనుప గొట్టాలు మోసే మనుషులు, తమకెప్పుడు పడుతుందో తెలియని అవసరం కోసం, తమ తర్వాత తమ ఇంటివాళ్లకు పడే అవసరం కోసం ఒకణ్ణి చదివిస్తామని వచ్చారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత పెద్ద మాట నేను వినలేదు.

గొడవేమిటని వకీలుగారు బయటికి వచ్చారు. విషయం అరబ్బీలో చెప్పాను. ఆయన వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసి, "మాషా అల్లా" అని మెల్లగా మెచ్చుకుని, అందరికీ చాయ్ తెప్పించారు.

తర్వాత నా పని నేను చేశాను. బయటివాళ్ల దగ్గర వసూలు చేయొద్దని, దానికిక్కడ అనుమతి కావాలని హెచ్చరించాను. కాలేజీకి రాస్తే టర్ముకు టర్ము ఫీజు కట్టుకోవచ్చన్నారు. ఏ టర్ముకైనా డబ్బు కుదరకపోతే అక్కడితో ఆపేయొచ్చు. వడ్డీ పోయేసరికి, వద్దన్న నా లెక్కే సరేనంది. అరబ్బీ చదవడం రాయడం కూడా నేర్చుకోవాలని నరేశ్‌కి షరతు పెట్టాను.

చదువు పూర్తయింది. ఇప్పుడు ముహర్రక్‌లో ఒక చిన్న ఆఫీసులో చేస్తున్నాడు. జీతం నేను చెప్పినంతే, టైమ్‌కీపర్ కన్నా కాస్త ఎక్కువ. ప్రతి శుక్రవారం అస్కర్ వెళ్లి క్యాంపులో కూర్చుని అందరి కాగితాలు చూస్తాడు.

కిందటేడు పక్క క్యాంపులో ఆర్మూరు మనిషి ఒకాయన పోయాడు. సర్వీసు డబ్బు అడగడానికి గడువులోగా నరేశ్ అన్నీ సిద్ధం చేశాడు. కొన్నాళ్లకు గంగారాం నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆర్మూరాయన పెండ్లానికి పైసలు పడ్డయట. మొత్తం పడ్డయట. మేమిచ్చినయి గాదమ్మా, ఆమె మొగడు కష్టపడ్డయి."

చదువుకు అప్పు తేవచ్చా అని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. జీతం, వడ్డీ, కిస్తీ అన్నీ వేసి చూపిస్తాను. అయితే అంకెల్లోకి దిగే ముందు ఒక ప్రశ్న అడగడం ఆ క్యాంపువాళ్ల దగ్గరే నేర్చుకున్నాను: నువ్వు చదివితే ఎవరెవరికి పనికొస్తావు?