దుప్పటి కింద నుంచి చెప్పిన మాట

మైత్రీవనం వెనక హాస్టల్లో ఉంటూ జావా నేర్చుకుంటున్న రోజులవి. ఆదివారమైతే మేడ మీద టెలిస్కోప్ పెట్టి, సూర్యుడి మీది మచ్చల్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒక్క బొమ్మగా అతికించడం నా పిచ్చి.

ఆ రోజు టెలిస్కోప్‌కి కెమెరా బిగించి, ఎండకి తెర కనపడక లాప్‌టాప్‌తో సహా దుప్పటి కప్పుకున్నాను. మా వంటమనిషి ఖాజా భాయ్ మిరపకాయలు ఎండబెట్టడానికి పైకొచ్చాడు.

"భాయ్, నేను సుత జర చూడనా?"

"చూడండి, ఎండ కంటికి తగలకుండా ఫిల్టర్ ఉంది" అన్నాను దుప్పట్లోంచే.

ఏడో ముక్క తీస్తుండగా గుర్తొచ్చింది. ఫిల్టర్ ఉన్నది పెద్ద గొట్టానికి. దాని వెనక కెమెరా ఉంది. ఇక కన్ను పెట్టడానికి మిగిలింది గురి చూసుకునే చిన్న గొట్టమే. దానికి ఫిల్టర్ లేదు, మూత పెట్టడం మరిచిపోయాను!

దుప్పటి విసిరేసి లేచేసరికి ఆయన కన్ను పట్టుకుని కూలబడి ఉన్నాడు.

ఆటోలో ఆస్పత్రికి బయల్దేరాం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగిపోతే, దిగి దారిమ్మని బండ్లవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఫికర్ చెయ్యకు భాయ్, ఇంకో కన్నున్నది గదా" అని ఆయనే నన్ను ఓదార్చాడు.

చూపు కొంత తిరిగొచ్చింది. నడుమ నల్లమచ్చ మాత్రం ఇక పోదన్నారు డాక్టరుగారు.

నా బొమ్మ ఆరు ముక్కల దగ్గరే ఆగిపోయింది. సూర్యుడి మీది మచ్చల కోసం మేడెక్కినవాణ్ణి, ఖాజా భాయ్ కంట్లో ఒకటి పెట్టి దిగాను.