మా మరిది మీద కారు పడలేదండి

మా మరిది పోయి ఇవాళ్టికి పదహారు రోజులండి. కారు కింద పడి పోయాడని ఊళ్ళో అంటున్నారు. పాలకేంద్రం దగ్గర అన్నారట, చర్చి మెట్ల మీద అన్నారట. ఆఖరికి మా మనవరాలి కాబోయే అత్తగారు కూడా ఫోను చేసి, జాకీ జారిందటగా పిన్నిగారూ, ఇంకా ఆ కారెందుకు, పిల్లల్ని అన్నవరం వేరే కార్లో పంపుదాం, అంది.

జాకీ జారలేదు. అది చెప్పడానికే రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకోండి. కోపంగా ఉంటే అదీ సర్దుకోండి.

మా మరిది మా అరుగు మీద పోయాడు. పీట మీద కూర్చుని, గోడకి ఆనుకుని, చేతిలో కాఫీ గ్లాసుతో. పలకరించడానికి వచ్చినవాళ్ళు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడు, అదృష్టవంతుడు, అంటున్నారు. ఏం అదృష్టమండీ అది? నేను చేయనన్నానా?

ఆ కారు మా ఆయన కొన్నది. నల్లగా, గుండ్రంగా ఉంటుంది, ఇప్పుడెక్కడా కనపడదు. తణుకు చుట్టుపక్కల కొత్త దంపతులు వ్రతానికి అన్నవరం వెళ్ళాలంటే ఆ కారే కావాలనేవారు. వాళ్ళకిప్పుడు జుట్టు నెరిసింది. బజార్లో కనపడి, మేం మీ కార్లోనే వెళ్ళామండి, అంటారు. మా ఆయన పోయాక అది మా మరిది చేతికొచ్చింది. పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరు. రిటైరై, భార్య కూడా పోయాక మా పెరటి గదిలోనే ఉండేవాడు. భోజనం నా దగ్గరే. చారులో ఉప్పు తక్కువైతే చెప్పకుండా తినేసే రకం. ఆ చెప్పకపోవడమే నాకు పడేది కాదు.

మనవరాలి పెళ్ళి కుదరగానే, వాళ్ళిద్దరూ మన కార్లోనే అన్నవరం వెళ్ళాలన్నాడు. చూస్తే ఆయిల్ కారుతోంది. రోజూ నేను ముగ్గేసే చోట అరచెయ్యంత నల్ల మచ్చ. దారిలో ఆయిలంతా అయిపోయి ఇంజను పట్టేస్తే, పెళ్ళిబట్టలతో ఆ పిల్లలు రోడ్డు మీద నిలబడాలా అని నాకు దిగులు. మెకానిక్కు వచ్చి వంగి చూసి, ఇంజను వెనక ఆయిల్ ఆపే సీలు పోయింది, ఇంజను దింపాలి, అన్నాడు. మా మరిది అతన్ని కాఫీ ఇచ్చి పంపేశాడు.

ఇంజనంతా కిరసనాయిలుతో రుద్ది కడిగాడు. ఏ బ్రష్షుతో రుద్దాడో తర్వాత తెలిసింది, నా పళ్ళ బ్రష్షు. తుడిచి ఆరాక, పౌడరుందా వదినా, అన్నాడు. మా ఆయన పోయాక నేను పౌడరు మానేశాను. ముగ్గుకి ఉంచిన బియ్యప్పిండి ఇచ్చాను. పాత పంచె ముక్కలో మూటకట్టి ఇంజను మీద తట్టాడు. తెల్లగా, గుమ్మం ముందు ముగ్గులా అయింది. స్టార్టు చేసి నన్ను కూడా వంగి చూడమన్నాడు. కాసేపటికి పిండిలో సన్నటి నల్ల చార కనపడింది. కింద సీలు దగ్గర కాదు. పైన, ఇంజను మూత వెనక మూల మొదలై, పక్కనించి జారి, కిందకొచ్చి బొట్టు కడుతోంది.

"చూశావా వదినా, చుక్క పడేది అక్కడ, పుట్టేది ఇక్కడ. చుక్కని చూసి ఇంజను దింపమంటాడు అతను."

మర్నాడు ఇంజను నిండా చీమలు. ఇంటికొచ్చిన చుట్టాలంత ఇష్టంగా తింటున్నాయి వదినా నీ పిండిని, అని పగలంతా నన్ను ఏడిపించాడు.

మూత కింద వేసే బెండు ప్యాకింగు అప్పడంలా పెళుసెక్కిపోయింది. మూత అంచు కూడా వంగిపోయింది. ఆ వంపు తన పనేనని ఒప్పుకున్నాడు. ఎప్పుడో కారుతోందని బోల్టులు బలంగా బిగించాడట. చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో అంచు సరిచేస్తూ నావైపు చూసి, "గట్టిగా బిగిస్తే ఆగుతుందనుకుంటాం, అంచు వంగి ఇంకా కారుతుంది," అన్నాడు. అది కారు గురించి కాదని నాకు తెలుసు. నా కంగారు ఇంట్లోవాళ్ళని బిగించేస్తుందని అతని గోల. కొత్త ప్యాకింగు వేసి, బోల్టులన్నీ కొంచెం కొంచెంగా, అటొకటి ఇటొకటి బిగించాడు.

కింద తుడవడానికి మాత్రం కారు ఎత్తి దూరాల్సి వచ్చేది. జాకీతో పాటు చెక్క దిమ్మలు కూడా పెట్టేవాడు. అయినా నాకు నమ్మకం లేదు. వంటింట్లోంచి ప్రతి రెండు నిమిషాలకీ "ఉన్నావా" అని అరిచేదాన్ని. స్పానరుతో రెండుసార్లు టకటకమని కొట్టేవాడు. ఉన్నానని. ఏళ్ళ తరబడి అంతే.

ఆ జాకీ ఏదో ఒకరోజు జారుతుంది, ఆ కారు అతని మీద పడుతుంది, అని నేను పాలవాడితో అన్నాను, పక్కింటివాళ్ళతో అన్నాను, ఫోనులో అందరితో అన్నాను. ఊళ్ళో ఇవాళ తిరుగుతున్న మాట నా నోట్లోంచి వెళ్ళిందేనండి. నేను అన్నది అన్నట్టే జరిగిందనుకున్నారు.

ఇప్పుడు అనని మాట చెప్తాను. ఆ వారం అతనికి ఎడమ భుజం లాగుతోందన్నాడు. గచ్చు మీద పడుకుని చెయ్యి పైకెత్తి పనిచేశాను కదా, పట్టేసింది, అన్నాడు. మూడు రోజులు నేనే బామ్ రాశాను. ఆసుపత్రికి వెళ్దామంటే ఒకటే మాట. "పెళ్ళి పనుల్లో ఉన్నారు, ఎవరికీ చెప్పకు. ఈ ఇంటికి నీ కంగారు చాలు."

చెప్పలేదు. జాకీ గురించి ఊరంతటికీ చెప్పినదాన్ని, భుజం గురించి ఒక్క మనిషికి చెప్పలేదు. నా బతుకులో నేను దాచిన మాట అదొక్కటే. తర్వాత డాక్టరు, అది గుండె నొప్పేనమ్మా, భుజంలో కనపడుతుంది, అన్నాడు. పిండి చల్లి, చుక్క ఎక్కడ పుట్టిందో వెతికినవాడు! తన దగ్గరికొచ్చేసరికి బామ్ చాలనుకున్నాడు. నాకు మండిపోతోందండి. అతని మీద, నా మీద, నా చేతికింకా వదలని ఆ బామ్ వాసన మీద.

ఆ పొద్దున్న కాఫీ ఇచ్చి లోపలికెళ్ళాను. పప్పు పోపు పెట్టాను, బియ్యం కడిగాను. కారు కింద లేడు కదా అని నేను "ఉన్నావా" అని అడగలేదు.

ఇదంతా మనవరాలి అత్తగారికి ఫోనులో చెప్పాను, మీకు చెప్పినట్టే. బామ్ సంగతి కూడా.  అంతా విని, ఆ కారుని ఇంకేమీ అనను పిన్నిగారూ, అంది. మనవరాలు మాత్రం ఒకటే అడిగింది. "అట్ట చూశావా అమ్మమ్మా?"

ఇంజను కింద సాయంత్రం ఒక అట్ట పరిచి, పొద్దున్నే తీసి, పడిన ప్రతి చుక్క చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన వారం పేరు రాసేవాడు. ఫోటో తీసి మనవరాలికి పంపేవాడు. సోమవారం పదకొండు చుక్కలు. ప్యాకింగు మార్చాక రెండు. ఆఖరి సాయంత్రం అట్ట తిరగేసి పరిచాడు. పొద్దున్న దాన్ని తీసేలోపే పోయాడు.

నిన్న మోకాళ్ళ మీద వంగి లాగాను. పదిహేను రోజులుగా అక్కడే ఉంది. శుభ్రంగా, ఉతికిన పంచెలా ఉంది. మళ్ళీ కిందకి తోసేశాను. ఇవాళ పొద్దున్న కల్లాపి చల్లకముందే మళ్ళీ లాగాను. పెన్సిలు టైరు పక్కనే ఉంది. చుట్టడానికి చుక్క లేదు.