చౌడేపల్లెలో చేదు తెలియని ముప్పై మంది

1998లో నేను మానవశాస్త్రం ఎమ్మే చివరి ఏడాది చదువుతున్నాను. మనుషుల పొడుగు, తల చుట్టుకొలత, చర్మం రంగు, రక్తం గ్రూపు మనిషికీ మనిషికీ, ఊరికీ ఊరికీ ఎలా మారుతాయో కొలిచి రాయడం మా చదువు. నా వంతుకు నాలుక వచ్చింది. మందు పూసిన చిన్న కాగితం ముక్క నాలుక మీద పెడితే కొందరికి కటిక చేదు, కొందరికి ఉత్త కాగితం. ఈ తేడా పుట్టుకతోనే వస్తుంది. సోమవారానికి చిత్తూరు జిల్లావాళ్ళు యాభై మంది ఫలితాలు ఇవ్వకపోతే ఈ ఏడాది పరీక్ష మాట మరిచిపొమ్మన్నారు మా గైడు. చేతిలో ఉన్నవి ఒక్క ఆదివారం, ఎనభై కాగితాలు.

మాది కుప్పం. సొంతూళ్ళో అయితే అందరూ ఆటపట్టిస్తారని మదనపల్లెలో స్నేహితుడి గదిలో దిగి, తెల్లవారి ఐదింటి బస్సెక్కాను. పుంగనూరుకు తొమ్మిది రూపాయల టికెట్టు. ఉత్త చేతులతో వెళితే బాగుండదని బస్టాండు దగ్గర రెండు కట్టల తమలపాకులు, వక్కలు కొన్నాను. చౌడేపల్లెకు మూడు రూపాయల ఆటో. "ఇంత ఆకు పట్టుకోని యాడికి పోతాండావప్పా, పెండ్లా?" అన్నాడు డ్రైవరు. పరీక్షకి అన్నాను. వెనక్కి తిరిగి నన్నొకసారి చూసి ఆటో వేగం పెంచాడు.

ఏడింటికల్లా పాల కేంద్రం ముందు క్యాన్లతో జనం బారులు తీరి ఉన్నారు. మర్యాదగా అందరికీ ఆకూవక్కా పంచాను. ఎంత సంతోషించారో! గంటలో ముప్పై మంది నాలుకల మీద కాగితం పెట్టడం అయిపోయింది. ముప్పై మందీ ఒకటే మాట, "రుచేమీ లేదు సా." లోకంలో ఎక్కడా లేని జనాన్ని కనిపెట్టేశానని నా ఛాతీ ఉబ్బింది.

ముప్పై ఒకటో మనిషి ఎదురుగా ఇడ్లీ అంగడి నడిపే రెడ్డెమ్మ. కాగితం పెట్టుకోగానే తూ అని ఉమ్మేసింది. "ఇది సేదు గాదా? యాపాకు నమిలినట్టుండాది!" ఆమె చూపు వరసలో ఉన్న ఎర్రటి నోళ్ళ మీద పడింది. "ఆకూవక్కా నమిలినోళ్ళకి సేదు యాడ తెలుస్తాదప్పా? ఎవురిచ్చినారు ఈళ్ళకి?"

"నేనే" అన్నాను. నవ్వులే నవ్వులు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ముప్పై కాగితాలు గంగపాలు, మిగిలినవి నలభై తొమ్మిది. రెడ్డెమ్మ లెక్కతో కలిపితే సరిగ్గా యాభై.

నా ఊరూ, సోమవారం గడువూ అడిగి తెలుసుకుని ఆమె బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టింది. "నోళ్ళు కడుక్కోండి. సదువుకునే పిల్లోడు, పోతే సమచ్చరం పోతాది" అంది. అర్ధగంట ఆగాలంటే, ఇంటి దగ్గర పని పెట్టుకుని కూడా ఒక్కరూ కదల్లేదు. ఆ మంచితనం ఇప్పుడు తలుచుకున్నా కడుపు నిండిపోతుంది.

ఈసారి వరస రెండుగా చీలింది. అన్న మునెప్ప మొహం చిట్లించి ఉమ్మేశాడు, తమ్ముడు చిన్నప్ప కాగితాన్ని హాయిగా చప్పరించాడు. "ఒగ తల్లి బిడ్డలేనా మీరు?" అని అందరూ వాళ్ళ మీద పడ్డారు. పుంగనూరు నుంచి గాజులు అమ్ముకోవడానికి వచ్చిన ఖాజా భాయి కూడా ఏమీ తెలియలేదంటూ వచ్చి బెంచీ మీద చిన్నప్ప పక్కన కూర్చున్నాడు.

పదింటికి పాల కేంద్రం మూసేశారు. లెక్క చూస్తే నలభై తొమ్మిది మంది, ఒక్క కాగితం. రోడ్డు మీద ఇంకెవరూ లేరు. రెడ్డెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు మనిసివి గాదా? మన జిల్లావోడివి గాదా? పెట్టుకో!"

కాగితాలు వృథా అవుతాయని నేనెప్పుడూ రుచి చూసుకోలేదు. పెట్టుకున్నాను. ఉత్త కాగితం! ఖాజా భాయి ఎగిరి గంతేశాడు. "మావోడే! మావోడే!" అని నన్ను లాక్కెళ్ళి తనకూ చిన్నప్పకూ మధ్య కూర్చోబెట్టుకున్నాడు.

జనాన్ని కొలిచే చదువు మనుషుల్ని విడదీసి చూపిస్తుందనుకున్నాను. అది ఒకే ఇంటి అన్నదమ్ముల్ని చెరోవైపు నిలబెట్టి, ముక్కూమొహం తెలియని ముగ్గుర్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. యాభయ్యో పేరు ఎవరిదో చూసి గైడు చాలాసేపు నవ్వి సంతకం పెట్టారు. ఇలాంటి పని మీద ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: జనాన్ని ఏది నోట్లో పెట్టుకోమంటారో, దాన్ని ముందు మీరు పెట్టుకుని చూడండి. మీరు ఎవరి పక్కన కూర్చోవాలో తెలుస్తుంది.