ఉగ్గుగిన్నెడు ఆముదం

మొన్న ఆదివారం మా అల్లుడు ఎన్నో ఏళ్ళుగా మూలపడేసిన తన మోటారు సైకిలును వాకిట్లోకి దింపాడు. యాభై దాటాక మళ్ళీ బండెక్కాలని సరదా పుట్టిందట. ఎక్కడినుంచో అచ్చు తీయించుకొచ్చిన మరమ్మతు సూచనల కాగితాలు పక్కన పరుచుకుని, గొలుసు బిగువు, క్లచ్చి వైరు వదులు, చక్రాల్లో గాలి, ఒక్కొక్కటే చూసుకుంటూ పెన్సిలుతో టిక్కులు పెట్టాడు. తరవాత వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చి ఆపబోతే వెనక బ్రేకు కీచుమంది. వెంటనే నూనె డబ్బా అందుకుని దాని ముక్కు చక్రం మధ్యకు తిప్పాడు. "ఆగు! అక్కడ వద్దు!" అని నేను పెట్టిన కేకకి డబ్బా అతని చేతిలోంచి జారిపోయింది. ఈ వయసులో నాకంత గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు కానీ, ఎందుకు వచ్చిందో మాత్రం బాగా తెలుసు.

మాది పెడన దగ్గర నేత కుటుంబం. మా ఇళ్ళల్లో ఆముదం చెయ్యని పని లేదు. తలకి ఆముదం, కడుపుకి ఆముదం, పురిటి పిల్లకి ఆముదం. రాట్నం కిర్రుమంటే ఒక చుక్క, బావి గిలక మూలిగితే ఒక చుక్క, తలుపు గోల పెడితే ఒక చుక్క. కిర్రుమన్నదేదైనా దాహం వేసి ఏడుస్తోందని మా నాయనమ్మ లెక్క. ఆ లెక్క నా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఆముదం పొయ్యకూడని చోటు ఒకటి లోకంలో ఉంటుందని ఎదురుగా నిలబెట్టి చెప్పినా తలకెక్కలేదు.

మా బావకి, అంటే అక్క భర్తకి, బెజవాడలో బట్టల కొట్టు. అప్పటికింకా అందరం బెజవాడనే అనేవాళ్ళం. నేత ఊళ్ళు తిరగడానికి ఆయనకో ఇంగ్లీషు మోటారు సైకిలు ఉండేది. యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టాక, బస్సులు సైతం పెట్రోలుకు బదులు బొగ్గు గ్యాసు కోసం పొయ్యి వీపున కట్టుకుని దగ్గుతూ తిరిగిన రోజులు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. మా బావ బండిని ఇటుకల మీద ఎత్తి పెట్టించి, చిరిగిన దుప్పటి కప్పించారు. అప్పుడప్పుడూ ఆ దుప్పటి తీసి, కదలని బండి మీద కూర్చుని రెండు హ్యాండిళ్ళూ పట్టుకుని కాసేపు వీధిలోకి చూసి దిగేవారు. మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు మా అన్నయ్య మిలిటరీ నుంచి వచ్చాడు. అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు. చిన్నప్పుడే తల్లి పోతే మా అమ్మ చేతి అన్నం తిని పెరిగాడు. మిలిటరీలో బండ్లు విప్పి బిగించడం నేర్చుకుని, ఇక మగ్గం గుంటలో కాలు పెట్టనని బెజవాడలో బందరు రోడ్డు పక్కన తాటాకు షెడ్డు వేసుకున్నాడు. ఊళ్ళో మోటారు సైకిళ్ళున్నవాళ్ళు పట్టుమని పదిమంది కూడా లేరు, వాళ్ళందరూ మా బావ మాట వినేవాళ్ళే. బావ బండి బాగా నడిస్తే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే మళ్ళీ మగ్గమే. పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు బావ చాలా రోజులు నానబెట్టి, చివరికి మా అక్క పోరు పడలేక సరేనన్నారు.

బండి బాగు చేసిన నాలుగు రోజులూ, బావ ఇంట్లోనే ఉండి కొట్టులో పనిచేస్తున్న నన్ను షెడ్డులో కూర్చోబెట్టారు. అన్నయ్య ట్యాంకులోని తుప్పు కడిగాడు, ప్లగ్గు గీకాడు, ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే మాగ్నెటో ముక్కుల మధ్య కార్డుముక్క దూర్చి సందు చూశాడు. గొలుసు బిగించేటప్పుడు చక్రం మొత్తం తిప్పి, ఎక్కడ అన్నిటికంటే బిగుతుగా ఉందో అక్కడే వదులు చూడాలన్నాడు. చక్రం వెనక్కి జరిగింది కనక బ్రేకు కడ్డీ మళ్ళీ సర్దాలన్నాడు. చివర్న బ్రేకు డ్రమ్ములో కొత్త లైనింగు వేసి, "ఇది అరిగి కుదురుకునేదాకా కొన్నాళ్ళు కీచుమంటుందిరా. అరవనీ. బండంతా నూనె పెట్టు గానీ దీంట్లోకి చుక్క పోనివ్వకు తమ్ముడూ, పట్టు జారిపోతుంది" అన్నాడు. నేను విన్నాను. వినలేదని ఇప్పటికీ బుకాయించలేను. కాకపోతే ఇనప ముక్కలు బిగించుకునేవాడు పాఠాలు చెబుతున్నాడేమిట్రా అని లోపల నవ్వుకున్నాను.

బండి గుర్రంలా కదిలింది. బావ మళ్ళీ కుర్రాడైపోయారు. కానీ కొట్టు ముందు ఆపినప్పుడల్లా అది కీచుమనేది, వీధి వీధంతా తలతిప్పి చూసేది. ఆయనకు నామోషీగా అనిపించి, వారం తరవాత నన్ను పిలిచి, "పొద్దున్నే మీ అన్నయ్య దగ్గరికి తీసికెళ్ళి చూపించవయ్యా" అన్నారు.

నేను తీసికెళ్ళలేదు. ఎందుకో చెప్పడానికి సిగ్గుగా ఉంది. బావ చెల్లెలిని నాకిద్దామని మాటలు సాగుతున్న రోజులవి. ఆ అమ్మాయి వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ఈ మాత్రం దానికి షెడ్డు దాకా ఎందుకు, నేను చాలనా అనిపించింది. కాస్త ఆముదం తెమ్మన్నాను. ఆమె పసిపిల్లలకి పట్టే వెండి ఉగ్గుగిన్నె నిండా పోసి తెచ్చింది. గోరువెచ్చగా కాచి మరీ తెచ్చింది. దాని సన్న ముక్కును డ్రమ్ము అంచు సందులో పెట్టి, చంటిపిల్లకి పట్టినట్టు మొత్తం పట్టేశాను. బండిని వాకిట్లో నెట్టుకుంటూ బ్రేకు తొక్కి చూశాను. కిక్కురుమనలేదు. గడపలోంచి చిన్న నవ్వు వినిపించింది. నాకు ఏనుగెక్కినట్టైంది.

మధ్యాహ్నం బావ బండిని వీధిలో ఆపి చూసుకుని, "మీ అన్నయ్య చెయ్యి వేస్తే కుదిరిందే!" అన్నారు. అన్నయ్య కాదు, నేను అని చెప్పాలి. చెబితే చెప్పిన పని చెయ్యలేదని తెలిసిపోతుంది. "ఆఁ, కుదిరింది బావా" అన్నాను. ఆ ఒక్క ముక్కే నా కొంప ముంచింది. కాదు, నా కొంప నిలబడే ఉంది, మునిగింది అన్నయ్య కొంప.

మర్నాడు బావ పెడన బయల్దేరారు. బందరు కాలవ వంతెన వాలులో దిగుతూంటే గడ్డిబండి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే పట్టలేదు. ఇంకా తొక్కారు, పట్టలేదు. ఎద్దుల్ని తప్పించబోయి కాలవ గట్టు మీంచి బండితో సహా దొర్లారు. ప్రాణం దక్కింది, కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

మూడో రోజు బావ కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని వసారాలో మంచం మీద ఉండగా, అన్నయ్య పెరట్లో వెనక చక్రం ఊడదీశాడు. డ్రమ్ము తెరిచాడో లేదో గుప్పున ఆముదం వాసన. తేలు కుట్టిన దొంగలా నేను స్తంభం పక్కన నిలబడ్డాను. వసారాలోంచి బావ, "మొన్న చూసి ఇచ్చావుగా, ఏం చూశావోయ్?" అని అరిచారు. మొన్న అన్నయ్య బండి మొహమే చూడలేదు. తలెత్తి నా వంక చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. నా వంకా, పక్కన తలుపుచాటున ఉన్న అమ్మాయి వంకా చూసి, గుడ్డ పెట్రోల్లో ముంచి డ్రమ్ము తుడిచేశాడు. "నూనె దిగింది బావా. నేను చూసుకోలేదు. తప్పు నాదే" అన్నాడు.

ఒక్క మాట చాలు, నేను నోరు విప్పితే. విప్పలేదు. పిల్లనివ్వరేమోనని భయం. మా అమ్మ చేతి అన్నానికి అన్నయ్య అలా వెల చెల్లించాడు, నేను దాన్ని తేరగా తీసుకున్నాను.

బావ చెడ్డవాడు కాదు. కాలు విరిగిన మనిషి, వచ్చినవాళ్ళందరికీ జరిగింది చెప్పారు. డాక్టరుగారు తన బండిని షెడ్డులోంచి తీసుకుపోయారు. ఆ తరవాత రైసుమిల్లు ఆయన తీసుకుపోయారు. రెండు నెలల్లో తాటాకు షెడ్డు ఎత్తేసి, అన్నయ్య మళ్ళీ పెడన మగ్గం గుంటలోకి దిగాడు. నా పెళ్ళికి వచ్చి విస్తళ్ళు వేశాడు. బావ మాత్రం బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచారు.

చాలా ఏళ్ళ తరవాత నేను స్కూటరు కొనుక్కుని పెడన వెళ్ళాను. అన్నయ్య మగ్గం దిగొచ్చి, పంచెకు చేతులు తుడుచుకుని, చక్రం తిప్పి చూసి, బ్రేకు వైరు కొద్దిగా సర్దాడు. ఆ వేళ్ళకి ఏమీ మరపు రాలేదు. నేను బయల్దేరుతుంటే, "కీచుమంటే నా దగ్గరికే తీసుకురా తమ్ముడూ" అన్నాడు. దెప్పలేదు, నవ్వనూ లేదు. దారి పొడుగునా నాకు రోడ్డు సరిగా కనిపించలేదు.

మొన్న నా కేక విని మా ఆవిడ కూడా గుమ్మంలోకి వచ్చింది. బ్రేకులో నూనె పొయ్యకూడదని మీకెవరు చెప్పారు మామయ్యగారూ అని అల్లుడు అడిగితే, మా అన్నయ్య చెప్పాడు, మంచి మెకానిక్కు అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళింది. తరవాత కాఫీ తెచ్చిచ్చి, "ఆ పూట ఆ గిన్నెని వాసన పోయేదాకా బూడిదేసి తోమానండీ" అంది. అరవై ఏళ్ళ కాపురంలో ఆ మాట మా ఇద్దరి మధ్యకీ రావడం అదే మొదటిసారి. మా పిల్లలందరికీ ఆ గిన్నెతోనే ఆముదం పట్టింది ఆవిడ. పడుతున్నప్పుడల్లా నేను లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం అల్లుడు బండి వెనక నన్ను ఎక్కించుకుని బందరు రోడ్డు వెంట తిప్పాడు. షెడ్డు ఉన్నచోట అయిదంతస్తుల సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఇక్కడ ఆపమన్నాను. బ్రేకు కీచుమంది. ఆ రోజుల్లో అయితే వీధంతా తిరిగి చూసేది, ఇప్పుడు ఒక్క తలా తిరగలేదు. ఇప్పుడు బండి చెడితే కంపెనీని తిట్టి ఊరుకుంటారు, విప్పిందెవరో బిగించిందెవరో ఎవరికీ తెలియదు. అప్పుడు పనివాడికి ఉన్నదల్లా ఒక్క పేరే, అది పోతే మళ్ళీ ఎక్కడా దొరికేది కాదు. ఇక్కడే అన్నయ్య షెడ్డు ఉండేదని అల్లుడికి చెప్పాను, ఎందుకు పోయిందో చెప్పలేదు. బావ లేరు, అన్నయ్య లేడు. ఒప్పుకోవలసిన ఇద్దరూ వెళ్ళిపోయాక మీతో ఒప్పుకుంటున్నాను, అదీ కాగితం మీద. దానికి కూడా సిగ్గుగానే ఉంది.