దొసిందా ఆడిన ముయిన్యేరా

గాలిసియాలో, ఏటి వారనున్న నీటిమర దొసిందాది. మర నడిపే ఆడమనిషిని అక్కడ ముయిన్యేరా అంటారు. తోలుతిత్తి వాద్యం ఊదుతుంటే జంటలుగా ఆడే ఆటకీ అదే పేరు. గింజలు తెచ్చినవాళ్లు వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక మర ముంగిట్లో గెంతారనీ, ఆట అలా పుట్టిందనీ చెబుతారు.

పేరే తప్ప దొసిందా ఒక్కనాడూ ఆడింది లేదు. చిన్నతనంలోనే తల్లి పోయి మర భారం ఆమె నెత్తిన పడింది. బయట జనం చిందులేస్తుంటే, లోపల కనుబొమల దాకా పిండి కొట్టుకుని తొట్టిలో గింజలు పోస్తూ ఉండేది. తొట్టి ఖాళీ అయితే రాళ్లు ఒరుసుకుని పాడవుతాయి. కాళ్లు మాత్రం ఊరుకునేవి కావు. మర దరువుకి చెక్కచెప్పులతో అడుగులేస్తూనే ఉండేవి.

ఆ యేడు మొక్కజొన్న విరగపండింది. ముంగిలి నిండా బస్తాలే. ముసలి ఎవరిస్తో తిత్తి అందుకున్నాడు.

"ఈ ఆట పేరు మరాడించే మనిషిది కాదర్రా, మర చప్పుడుది," అన్నాడొకడు.

"చప్పుడు దానంతటదే వస్తుందేంట్రా? ఆడించే మనిషుండొద్దూ!" అన్నాడు ఎవరిస్తో.

గింజలు తెచ్చి వంతు కోసం ఆగిన బల్బీనా గుమ్మంలోకి తొంగిచూసి నవ్వింది. "ఎవరిదైతేనేం! పేరు నీది, కాళ్లు మావి. కదుటే దొసిందా?"

దొసిందా బయటికొచ్చి, తన పిండిగుడ్డ విప్పి బల్బీనా నడుముకు కట్టింది.

"ఇప్పుడు ఆడేది నీ గింజలే. తొట్టి అడుగంటనిచ్చావో, నీ పిండిలో రాతిపొడి తింటావు. పో లోపలికి!"

ముంగిలి ఘొల్లుమంది. దొసిందా చేతులు పైకెత్తి అడుగేసింది. ఎవరిస్తో చిలిపిగా జోరు పెంచాడు. ఆమె తడబడలేదు. మళ్లీ పెంచాడు. ఎదురుగా ఆడుతున్న కుర్రాడు రొప్పుతూ తప్పుకున్నాడు, ఇంకొకడు దిగాడు, వాడూ కూలబడ్డాడు. చివరికి ఎవరిస్తోయే నోటినుంచి గొట్టం తీసేశాడు.

"నా వల్ల కాదే తల్లీ, ఊపిరి లేదు!"

"దొసిందా! తొట్టి ఖాళీ అవుతోందే!" లోపల్నుంచి బల్బీనా కేక.

"అయితే పొయ్యవే! చేతులున్నాయిగా!"

ఆ రోజు నుంచి గింజలు తెచ్చిన ప్రతివాళ్లూ కాసేపు తొట్టి దగ్గర నిలబడాలన్నది మర కట్టుబాటయింది. ఎదురుచెప్పిన వాళ్లు లేరు. ఆ పూట మాత్రం ఎవరిస్తో గిన్నెనిండా ఎర్ర ద్రాక్షసారా పోసి ఇస్తే, దొసిందా గటగటా తాగేసి మూతి తుడుచుకుంది.

"ఊపిరి వచ్చిందా మావా? ఎత్తు మరి తిత్తి!"